బస్సు మెట్టు, టిక్కెట్టు ధర

ఒంగోలునుండి పడమరగా పొదిలికి పోవు రహదారిమీద, సుమారు 20 కిలోమీటర్ల దూరమున చీమకుర్తి ఉన్నది. ఇచ్చటి నల్లరాయిలో బంగారు పొడి చల్లినట్లు మెరయు చుక్కలు బ్రాంజైటు అను ఖనిజమువి. ఈ రాయి గెలాక్సీ గ్రానైటు అను పేరుతో దేశదేశములకు పోవుచున్నది. (భూవిజ్ఞానులు దీనిని గ్రానైటు అనరు, గాబ్రో జాతి శిల అందురు. వ్యాపారులకు ఆ పట్టింపు లేదు.) పొడవు 3 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు, ఎత్తు 1 మీటరు గల ఒక దిమ్మెను తీసికొందము. ఘనమీటరుకు 3 టన్నుల వంతున దాని బరువు 18 టన్నులు. క్వారీ గోతినుండి క్రేను దానిని పైకి తీయును. ట్రెయిలరు రేవునకు చేర్చును. అచ్చట మరియొక క్రేను ఓడలోనికి దించును. ఒక వాహనమునుండి ఇంకొక వాహనమునకు మారు ప్రతి చోటను ఎత్తుటకు ఒక యంత్రము, కనిపెట్టుకొని ఉండుటకు ఒక మనిషి సిద్ధము.

ఈ ఊరినుండియే మోకాళ్లు పట్టివేసిన ఒక ముసలమ్మ ఒంగోలు పెద్దాసుపత్రికి పోవలెననుకొనుడు. రోడ్డుమీది 20 కిలోమీటర్లు ఆమెకు కష్టము కాదు. ఇంటినుండి బస్సు ఆగుచోటికి గల అర కిలోమీటరు, బస్సు వచ్చువరకు ఎండలో నిలుచుట, బస్సు మొదటి మెట్టు, ఒంగోలులో బస్సు దిగి ఆసుపత్రి చేరుట, మరల చీకటి పడకముందు ఇల్లు చేరుట, ఇవి కష్టము. అనగా ఆమె ప్రయాణములోని చిక్కంతయు వాహనములు మారుచోట్లనే ఉన్నది. వృద్ధులకు, దివ్యాంగులకు, పేదలకు ప్రభుత్వము కల్పించుచున్న ప్రయాణ సౌకర్యములను ఈ చోట్లయందు నిలిచి పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము.

చేసిన మేలును మొదట చెప్పుకొనవలెను. ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ 1958 జనవరి 11న ఏర్పడినది. 2020 జనవరి 1నుండి దాని ఉద్యోగులు ప్రభుత్వ ప్రజారవాణా శాఖలోనికి తీసికొనబడిరి. 60 ఏండ్లు నిండినవారికి టిక్కెట్టులో నాలుగవ వంతు రాయితీ కలదు. దివ్యాంగులకు రాయితీ పాసులు చాలకాలముగా ఉన్నవి. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకము ఆరంభమైనది. దీనిచే రాష్ట్రమున నివసించు స్త్రీలు, బాలికలు, ట్రాన్స్‌జెండరు వ్యక్తులు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులలో పైకము లేకుండ ప్రయాణము చేయవచ్చును. పొరుగున తెలంగాణములో ఇట్టి సౌకర్యము 2023 డిసెంబరు 9నుండియే కలదు. మిరపకోతకు, పత్తితీతకు దూరపు చేలకు పోవు కూలి స్త్రీకి రానుపోను ఛార్జీ మిగులుట చిన్న సంగతి కాదు. ఆ పైకముతో పిల్లవాని నోటుపుస్తకములు వచ్చును. దీనిని వృథా వ్యయమని ఎగతాళి చేయువారు ఆ కూలి లెక్కను ఒకసారి వేసికొని చూడవలెను.

అయినను ఈ సౌకర్యములన్నింటిలో ఒక పోలిక ఉన్నది. ఇవన్నియు టిక్కెట్టు ధరను తగ్గించునవి. బస్సు ఎక్కినవారికి మాత్రమే టిక్కెట్టు కావలెను గదా! ఎక్కలేక ఇంటికి మరలిపోయిన మనిషి కండక్టరు చేతిలోని యంత్రమున నమోదు కాడు. రాయితీ టిక్కెట్టులు ఇన్ని లక్షలు ఇచ్చితిమని చెప్పు అంకెలలో అతడు ఉండడు. కాబట్టి పథకము ఫలితమును టిక్కెట్టులనుబట్టి కొలుచుట, పరీక్ష వ్రాసినవారి మార్కులనుబట్టి బడికే రాని పిల్లల చదువును అంచనా కట్టుటవంటిది.

ఇక మెట్టు సంగతి. మన పల్లె బస్సులు చాలవరకు లారీ వంటి చట్రముపై కట్టబడినవి. వీని లోపలి నేల భూమినుండి ఒక మీటరుకు పైగా ఎత్తున ఉండును. లెక్కకు 105 సెంటీమీటర్లు అనుకొందము. మూడు ఎత్తులలో ఎక్కవలెనన్నచో ఒక్కొక్కటి 35 సెంటీమీటర్లు. మన బడి మెట్టు 15 సెంటీమీటర్ల వంతున కట్టినచో అదే ఎత్తునకు ఏడు మెట్లు కావలెను.

భౌతికశాస్త్రము చదువు విద్యార్థి ఇచ్చట ఒక ప్రశ్న వేయవచ్చును. 50 కిలోగ్రాముల మనిషి 105 సెంటీమీటర్లు పైకి పోవుటకు చేయు పని మూడు మెట్లయినను, ఏడు మెట్లయినను ఒకటియే గదా, అది రమారమి 515 జౌళ్లు. అట్లయినప్పుడు తేడా ఏమి? పని ఒకటియే, నిజము. కాని మోకాలిమీద పడు బలభ్రామకము ఒకటి కాదు. ఎత్తయిన మెట్టుపై పాదము పెట్టినప్పుడు మోకాలు బాగుగా మడిగి పాదముకంటె ముందునకు వచ్చును. శరీరపు బరువు పడు రేఖకు మోకాలికి మధ్య దూరము ఉజ్జాయింపుగా 20 సెంటీమీటర్లు అనుకొన్నచో, బలభ్రామకము 50×20, అనగా 1,000 కిలో-సెంటీమీటర్లు. దీనిని తట్టుకొనవలసినది మోకాలిచిప్పను పట్టియుండు స్నాయువు. అది లాగు దూరము, అనగా లీవరు చేయి, సుమారు 4 సెంటీమీటర్లు మాత్రమే. కాబట్టి 250 కిలోల బలముతో అది లాగవలెను. ఇది మనిషి బరువునకు అయిదు రెట్లు! మెట్టు తక్కువ ఎత్తున ఉన్నచో మోకాలు అంతగా మడుగదు. దూరము 10 సెంటీమీటర్లకు తగ్గినచో కావలసిన బలము సగమగును. ముసలివారు బస్సు తలుపు కమ్మీని రెండు చేతులతో పట్టి లాగుకొనుచు ఎక్కుటకు కారణము ఇదియే. మోకాలు చేయలేని పనిలో కొంత చేతులు పంచుకొనును. కమ్మీ వదులుగా ఊగుచున్నచో, చేతికి అందనంత పైనున్నచో, ఆ సాయము కూడ పోవును.

ఈ లెక్క ప్రకాశం జిల్లాలో ఇతర జిల్లాలలోకంటె బరువైనది. ఈ జిల్లా పడమటి భాగమున నేలనీటిలో ఫ్లోరైడు అధికము. షార్టు మున్నగు వైద్యులు 1937లో మన దేశపు మనుష్యులలో ఫ్లోరోసిస్ వ్యాధినిగూర్చి తొలిసారిగా ప్రకటించిన పరిశోధన అప్పటి నెల్లూరు జిల్లాలో జరిగినదే. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు 1970లో ఈ కొత్త జిల్లా ఏర్పడువరకు నెల్లూరులోనివే. లీటరు త్రాగునీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని మన ప్రమాణము. మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి వెన్నెముక, కీళ్లు బిగిసికొనిపోవును, మోకాలు మడుగదు. ఇట్టివారు ఒంగోలు పోవు దారి ఈ రహదారియే, బస్సు కూడ ఈ బస్సే.

బస్సు నేల దింపరాదా యని అడుగవచ్చును. కేంద్ర నగరాభివృద్ధి మంత్రిత్వశాఖ 2013లో సవరించిన నగర బస్సుల నిర్దేశములలో నేల ఎత్తు 400, 650, 900 మిల్లీమీటర్లని మూడు విధములు కలవు. కాని అవి నగరపు బస్సులకు. 400 మిల్లీమీటర్ల బస్సును మన పల్లెల అడ్డుగట్లమీద, వానకు కోసిన అంచులమీద నడిపినచో అడుగుభాగము రోడ్డును గీరుకొనును. ఈ విషయములో సంస్థను నిందించుట న్యాయము కాదు. అయితే మెట్టు అనునది రెండు ఎత్తుల వ్యత్యాసము. ఒక ఎత్తును దింపుటకు వీలు లేనిచో రెండవ ఎత్తును పెంచవచ్చును గదా. బ్రెజిల్ దేశమున కురితీబా నగరమువారు 1991లో చేసినది అదియే. బస్సు ఆగుచోట గొట్టమువంటి గదిని కట్టి, దాని నేలను బస్సు నేలతో సమానముగా లేపిరి. ప్రయాణికుడు మెట్టు ఎక్కకయే నడచి లోనికి పోవును.

మన ఊళ్లలో అంత వైభవము అక్కరలేదు. బస్సు ఆగుచోట 20 సెంటీమీటర్ల ఎత్తున, అయిదారు మీటర్ల పొడవున ఒక అరుగు, దాని కొనకు చక్రముల కుర్చీ ఎక్కుటకు ఏటవాలు దారి ఉన్నచో మొదటి మెట్టు 35నుండి 15 సెంటీమీటర్లకు వచ్చును. అరుగుకు రాయి కావలెను. చీమకుర్తిలో రాయి కరవా! పనికిరాదని క్వారీల చుట్టు కుప్పలు పోసిన ముక్కలు గుట్టలుగా ఉన్నవి. కాని దీనికి ఒక షరతు కలదు. డ్రైవరు బస్సును అరుగునకు ఆనించినట్లు నిలుపవలెను. జాగా అరగజము మిగిలినచో అరుగు మేలుకు బదులు ప్రమాదము తెచ్చును. రోడ్డు మధ్య బస్సు ఆపి ఈల వేయు అలవాటు పోనంతవరకు ఏ అరుగును ఉపయోగపడదు. అరుగు కట్టుట పురపాలకుల పని, బస్సు నిలుపుట డిపోవారి పని, రోడ్డు అంచు మూడవ శాఖవారిది. ముగ్గురును ఒకచోట కూర్చున్ననే గాని 20 సెంటీమీటర్ల అరుగు లేవదు.

ఈ పనికి చట్టబలము లేకపోలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 41వ సెక్షనులో బస్సు ఆగుచోట్లు, రైలుస్టేషన్లు వారికి అనువుగా ఉండవలెననియు, పాత వాహనములనుకూడ సాధ్యమైనంతవరకు మార్చవలెననియు కలదు. 2024 నవంబరు 8న సుప్రీముకోర్టు రాజీవ్ రతూరి వ్యాజ్యములో తీర్పు చెప్పుచు, ఇట్టి ప్రమాణములు కేవలము సలహాలుగా ఉండిన చాలదనియు, తప్పక పాటింపవలసిన నియమములను కేంద్రము రూపొందింపవలెననియు ఆదేశించినది. 2011 జనాభా లెక్కలలో అవిభక్త ఆంధ్రప్రదేశములో సుమారు 22.7 లక్షలమంది దివ్యాంగులు నమోదైరి. 60 ఏండ్లు దాటినవారు దేశమున 10 కోట్లకు పైగా ఉండిరి. వీరి అవసరమును ఏవో కొద్దిమంది విషయముగా తలపరాదు.

బస్సుకొరకు కాచియుండు కాలమును కూడ లెక్కింపవలెను. గంటకు రెండు బస్సులు అన్నచో సగటున 15 నిమిషములు వేచిన చాలునని అనుకొందుము. బస్సులు సరిగా అరగంట ఎడముగా వచ్చినప్పుడే ఆ మాట నిజము. మొదటి బస్సు వచ్చిన 10 నిమిషములకు రెండవది, ఆపైన 50 నిమిషములకు మూడవది వచ్చినచో? ఏదో ఒక సమయమున వచ్చిన ప్రయాణికుడు పెద్ద ఎడములో చిక్కుకొను అవకాశము ఆరింట అయిదు వంతులు. అప్పుడు అతడు సగటున 25 నిమిషములు కాచును. చిన్న ఎడములో పడు అవకాశము ఆరింట ఒక వంతు. అప్పుడు 5 నిమిషములు. మొత్తముమీద సగటు సుమారు 22 నిమిషములు. బస్సుల సంఖ్య మారలేదు, కాచుట మాత్రము దాదాపు సగము పెరిగినది. దీనికి తోడు, పెద్ద ఎడము తరువాత వచ్చు బస్సు క్రిక్కిరిసి ఉండును. బలముగలవాడు ఫుట్‌బోర్డుమీద వ్రేలాడును. కఱ్ఱ పట్టినవాడు దానిని విడిచి తరువాతి బస్సుకు ఆగును. ఉచిత ప్రయాణము వలన రద్దీ పెరుగుట సహజము. అందుచే ఉచితము ఇచ్చిన రోజుననే బస్సుల ఎడమును సరిచేయు పనికూడ ఆరంభింపవలసి ఉన్నది. సీట్ల కొరతనుగూర్చి మాటలాడువారు పెక్కురు. ఎడముల ఎగుడుదిగుడును తలచువారు అరుదు.

కొందరు బస్సు మాట విడిచి, ఇంటివద్దకే చిన్న వాహనము పంపుట మేలందురు. మన ఊళ్లలో వాహనములు లేకపోలేదు. ప్రైవేటు బడుల బస్సులు ఉదయము పదినుండి మధ్యాహ్నము మూడువరకు చెట్లక్రింద నిలిచియుండును. బాలింతలను ఇంటికి చేర్చు తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి పోవునప్పుడు నిండుగా, వచ్చునప్పుడు ఖాళీగా ఉండును. షేరు ఆటోలు మనుష్యులకొరకు మూలమూలల ఎదురుచూచుచుండును. వీనినన్నింటిని ఒక త్రాటిపైకి తెచ్చినచో చాలదా?

అమెరికావారికి ఈ ఆలోచన ముందే కలిగినది. వృద్ధులకు, దివ్యాంగులకు, పేదలకు, రోగులకు అచ్చట వేరువేరు శాఖలు వేరువేరు బండ్లు నడుపుచుండెను. ప్రయాణములకు ధనమిచ్చు కేంద్ర పథకములు 62 ఉన్నవని 2003లో అచ్చటి ప్రభుత్వ తనిఖీ సంస్థ లెక్క తేల్చినది. వీనిని సమన్వయము చేయుడని 2004 ఫిబ్రవరి 24న అధ్యక్షుడు బుష్ ఉత్తరువు ఇచ్చెను. 2012లో అదే సంస్థ మరల లెక్కించినప్పుడు 80 పథకములు తేలినవి! ఉత్తరువు ఒకటి ఇచ్చినంతమాత్రమున శాఖలు కలసి నడువవని దీనినిబట్టి తెలియుచున్నది. ఆ దేశపు 1990 నాటి చట్టము బస్సు ఎక్కలేనివారికి ఇంటివద్దకు బండి పంపుటను విధించినది గాని, బస్సు దారికి ముప్పావు మైలులోపల ఉన్నవారికే. దూరపు పల్లెలవారికి అది అందదు.

కష్టము శాఖల పట్టుదలలో మాత్రమే లేదు, లెక్కలోనే ఉన్నది. ఒక బండి ఇద్దరిని వారివారి ఇండ్లవద్ద ఎక్కించుకొని వారివారి చోట్ల దింపవలెనన్నచో, ఎక్కిన తరువాతనే దింపవలెనను నియమముతో ఆరు విధముల తిరుగవచ్చును. ముగ్గురికి 90 విధములు, అయిదుగురికి 1,13,400. పదిమందికి సుమారు 2,376 లక్షల కోట్ల ప్రస్తారములు! ఉన్నత తరగతుల విద్యార్థులు 2n క్రమగుణితమును 2 యొక్క n ఘాతముతో భాగించి దీనిని సరిచూచుకొనవచ్చును. గణకయంత్రములు అన్నింటిని వెదకక యుక్తితో మంచి దారిని పట్టును, నిజమే. కాని ప్రతివారు ప్రతి దినము ప్రతి వేళ వేరువేరు చోట్లకు పోవుచున్నంతకాలము ఆ మంచి దారియు పొడవైనదే, ఖర్చు గలదే.

ఇప్పుడు అయిదుగురును ఒకే దినమున ఒకే ఆసుపత్రికి పోవలసినవారనుకొందము. దింపుచోటు ఒకటియే గనుక 1,13,400 విధములు 120కి తగ్గును. వారి ఊళ్లు ఒకే రహదారిమీద వరుసగా ఉన్నచో ఆ 120 కూడ ఒకటి అగును. అనగా మామూలు బస్సు దారి. పొదిలి, చీమకుర్తి, సంతనూతలపాడు, ఒంగోలు, ఇవన్నియు ఒకే రోడ్డుమీది ఊళ్లు గదా! కాబట్టి సమన్వయము చేయవలసినది వాహనములకంటె ముందుగా దినములను, వేళలను. మరల చూపించుకొనుటకు రమ్మను షుగరు, రక్తపోటు, కీళ్ల రోగులకు ఆసుపత్రివారు వ్రాసి ఇచ్చు తేదీ మండలమునుబట్టి ఇచ్చినచో, ఒక మండలమువారందరు ఒక దినమున కదలుదురు. ఆ దినమున ఒక బస్సు నిదానముగా ఆగి అందరిని ఎక్కించుకొని ఆసుపత్రి గుమ్మమువరకు పోయి, నిర్ణయించిన వేళకు మరల బయలుదేరవచ్చును. ఎముకల వైద్యునికి ఒక దినము, కంటి వైద్యునికి ఒక దినము అని ఆసుపత్రికి తన వరుస ఉండును గనుక ఇది అందరికి కుదరదు. సగముమందికి కుదిరినను, మిగిలినవారికొరకు పంపు ప్రత్యేకపు బండి ఖర్చు సగమగును.

ఇట్టి కూర్పు మన చేత కానిది కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన 108 సేవ చేసినది ఏమి? అంతకుముందు ఏ ఆసుపత్రి అంబులెన్సు ఆ ఆసుపత్రిదే. ఒకే ఫోను సంఖ్య, ఒకే గది, పిలిచినచోటికి దగ్గరనున్న బండి, ఈ మూడింటితో దారి మారినది. ఆ బండ్లను మాత్రము ఈ పనికి పిలువరాదు. ప్రాణాపాయమునకు పోవలసిన బండి ఓ.పి. చీటీకి పోరాదు. బడి బస్సుల విషయమునను పర్మిటు చిక్కు ఉన్నది. బడి పిల్లలకని తీసికొన్న పర్మిటుతో ఇతరులను తరలించుట నియమవిరుద్ధము. దానిని సడలించుట ప్రభుత్వము చేతిలోని పని.

అసలు ప్రయాణమే లేకుండ చేయుటకంటె మంచి సమన్వయము లేదు. 2024 జూలైనుండి పెంచిన పింఛనును నెల మొదట ఇంటివద్దనే చేతికిచ్చుచున్నారు. 104 సంచార వైద్యశాలలు ఊళ్లకు వచ్చుచున్నవి. ఈ రెండును నిజమైన మేళ్లు. దీనికి విరుద్ధముగా సదరం ధ్రువపత్రము సంగతి చూడుడు. దివ్యాంగుడనని నిరూపించుకొనుటకు అతడు తనకు కేటాయించిన ఆసుపత్రికి పోయి వైద్యులయెదుట నిలువవలెను. ఆ పత్రము వచ్చినపిదప గాని అతనికి దివ్యాంగుల పాసు లేదు. అందుచే నడువలేనివాని మొదటి ప్రయాణము, అన్నింటికంటె అవసరమైనది, ఆ రాయితీకి నోచదు. మంచమునుండి లేవలేనివానిని ఆటోలో పడుకొనబెట్టి తీసికొని వచ్చు దృశ్యము మనము ఎరుగనిది కాదు. సదరం పిలుపు కాగితమునే ఆ దినమునకు పాసుగా అంగీకరించుటకు ఒక్క ఉత్తరువు చాలును.

ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు ఒక పని చేయవచ్చును. తొమ్మిదవ తరగతి పిల్లలు నలుగురికి మీటరు టేపు, గడియారము ఇచ్చి, పెద్దవారు ఒకరు తోడుండగా, ఊరి బస్సు ఆగుచోట ఒక శనివారము ఉదయము కూర్చుండబెట్టవలెను. వచ్చిన ప్రతి బస్సు వేళ, కండక్టరు అనుమతితో కొలిచిన మొదటి మెట్టు ఎత్తు, రోడ్డు అంచునుండి బస్సు ఎంత ఎడముగా ఆగినది, ఎక్కుటకు వచ్చి ఎక్కలేక నిలిచిపోయినవారు ఎందరు, ఈ నాలుగు గడులు గీసిన కాగితము చాలును. చీమకుర్తి దారిలో నడచు బస్సులలో పెక్కు ఒంగోలు, పొదిలి డిపోలవి. నాలుగు వారముల కాగితములను ఆ రెండు డిపోల మేనేజర్లకు, ఒక నకలు పురపాలక కమీషనరుకు పంపవలెను. మెట్టు ఎత్తును సెంటీమీటర్లలో వ్రాయవలెను. ‘చాల ఎత్తు’ అని వ్రాసినచో ఎవరును చదువరు.